ఒక్క నీటి చుక్క

2005 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన రెండో రోజు, ఆదివారం సాయంత్రం, నేనొక ఊరికి పూజ ఆపేశాను.

అప్పటికి నేను గురుపట్టం అందుకుని నాలుగేళ్ళు కూడా నిండలేదు. పల్నాట ఒక విచారణ, అంటే పారిష్, నా చేతికి వచ్చి ఏడాదిన్నర. విచారణ కేంద్రం కాక చుట్టూ ఆరు ఊళ్ళు. ఆదివారాలు చాలక కొన్ని ఊళ్ళకు శనివారం, కొన్నింటికి బుధవారం పూజ పెట్టుకునేవాణ్ణి. నేను చెబుతున్న ఊరికి నెలలో మొదటి ఆదివారం, మూడో ఆదివారం సాయంత్రాలు. అరవై గడపల పల్లె. అందరూ కతోలికులే. దాదాపు అందరూ కూలికి వెళ్ళేవాళ్ళే. పది పదిహేను కుటుంబాలు మాత్రం ఎకరమో అరెకరమో కౌలుకు తీసుకుని మిరప వేసేవి.

కేంద్రంలో కొత్త గుడి కట్టాలని నేను పట్టుబట్టి ఉన్న రోజులవి. పాత గుడి పెంకులు జారి వానకు కారుతోంది. ఇంటికి అయిదు వందలు ఇవ్వాలని నేనే నిర్ణయించి, నేనే ప్రకటించాను. ఆ ఊరి నుంచి ఒక్క రూపాయి రాలేదు. ఆ సాయంత్రం పూజ అయ్యాక పెద్దల్ని కూర్చోబెట్టి అడిగాను. "ఈ ఏడు కాయకు తెగులు తగిలింది ఫాదర్ గారూ, కోతలయ్యాక చూద్దాం" అన్నారు. అంతవరకూ నాకు కోపం రాలేదు. అప్పుడు వెనక నుంచి ఒక కుర్రాడు లేచాడు. "ఇప్పటిదాకా వచ్చిన డబ్బుల లెక్క ఒకసారి చదివి వినిపిస్తారా ఫాదర్ గారూ" అని అడిగాడు. అతని గొంతులో పొగరు లేదు. అడగాల్సిన మాటే అడిగాడు. ఆ రోజు నాకు మాత్రం నలుగురిలో తల తీసేసినట్టయింది.

"ఇంటింటి డబ్బూ అందేదాకా ఈ ఊళ్ళో పూజ ఉండదు" అని లేచి వచ్చేశాను.

బండి దగ్గరికి ఉపదేశి గబగబా వచ్చాడు. నాకంటే ముప్ఫై ఏళ్ళు పెద్దాయన. నేను పుట్టకముందు నుంచి ఆ పల్లెలో పిల్లలకు జపాలు నేర్పుతున్న మనిషి. "కోపంలో అన్నారు లెండి. వచ్చే నెల మొదటి ఆదివారం వస్తారు గదా" అన్నాడు. నేను మాట్లాడకుండా బండి తీశాను.

మొదటి ఆదివారం వెళ్ళలేదు. ఫిబ్రవరి 9 విభూతి బుధవారం. ఆ ఊరికి విభూతి కూడా వెళ్ళలేదు. ఫిబ్రవరిలో మూడో ఆదివారం, మార్చిలో మొదటి ఆదివారం, ఆఖరికి మార్చి 20న మట్టల ఆదివారం. మొత్తం అయిదు పూజలు. ఆ సంఖ్య నాకు ఇరవై ఏళ్ళుగా గుర్తుంది.

పూజ ఆపడమంటే ఏమిటో మా వాళ్ళు కానివారికి కొంచెం చెప్పాలి. కతోలికులకు దివ్యబలిపూజ అంటే అందరం కలిసి చేసే ప్రార్థన మాత్రమే కాదు. క్రీస్తు తన మరణానికి ముందు రాత్రి శిష్యులతో చివరి భోజనం చేస్తూ రొట్టెను తన శరీరంగా, ద్రాక్షారసాన్ని తన రక్తంగా ఇచ్చాడు. తన జ్ఞాపకార్థం అలాగే చేయమన్నాడు. ఆ రాత్రే రెండు సంస్కారాలు పుట్టాయని తిరుసభ నమ్మిక. ఒకటి దివ్యసత్ప్రసాదం, రెండోది గురుత్వం. అపొస్తలుల దగ్గర మొదలై మేత్రాణుల, అంటే బిషప్పుల, చేతుల మీదుగా తరతరాలుగా వస్తున్న ఆ గురుత్వం అందుకున్నవాడు తప్ప మరొకడు ఆ రొట్టెను సత్ప్రసాదంగా చేయలేడు. వాక్యం ఎవరైనా చదవొచ్చు. పాట ఎవరైనా పాడొచ్చు. అవసరం పడితే జ్ఞానస్నానం ఎవరైనా ఇవ్వొచ్చు. పూజ మాత్రం గురువు లేనిదే లేదు. ఆ పల్లె గుడిలో సత్ప్రసాదం దాచి ఉంచే మందసం కూడా లేదు. నేను వెళ్తేనే అక్కడ సత్ప్రసాదం. నేను వెళ్ళకపోతే లేదు.

గురువు లేనిదే పూజ లేదు. నేను తప్పుగా చదువుకున్నది ఈ ఒక్క మాటనే. అది నాకిచ్చిన అధికారమనుకున్నాను. తాళంచెవి నా దగ్గరుంది కాబట్టి తలుపు తీయడం, వేయడం నా ఇష్టమనుకున్నాను.

తప్పు చేస్తున్నప్పుడు చదువుకున్నవాడికి ఆధారాలు దొరుకుతాయి. నాకూ దొరికాయి. 1208లో పోపు మూడో ఇన్నొసెంట్ ఇంగ్లండు దేశమంతటికీ పూజలు ఆపించారు, ఆ నిషేధం 1214 దాకా నడిచింది అని చరిత్ర క్లాసులో చదివాను. దాన్ని గుర్తు చేసుకుని సమాధానపడ్డాను. అలాంటి శిక్ష వేసే అధికారం విచారణ గురువుకు లేదన్న సంగతీ చదివే ఉన్నాను. పేదరికం వల్ల ఎవరూ సంస్కారాలకు దూరం కాకుండా గురువు చూసుకోవాలని 1983 నాటి తిరుసభ చట్టం 848వ సూత్రం చెబుతుంది. అదీ చదివాను. పరీక్షలో రాసి మార్కులూ తెచ్చుకున్నాను.

ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పాలి. కేంద్రంలో పొలాలు, లారీలు ఉన్న రెండు పెద్ద కుటుంబాలు కూడా అప్పటికి డబ్బు ఇవ్వలేదు. వాళ్ళను నేను ఏమీ అనలేదు. పండగనాడు వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. ప్రభువు భోజనానికి కూడినప్పుడు ఉన్నవాళ్ళు ముందే తిని, లేనివాళ్ళను ఆకలితో కూర్చోబెడుతున్నారని కొరింథు సంఘాన్ని పౌలు గట్టిగా మందలించాడు. మొదటి శతాబ్దంలోనే రాసిన ఆ లేఖలో, ప్రభువు భోజనం గురించి చెప్పే చోట పౌలు బాధంతా ఆ భేదం గురించే. ఆ లేఖ మీద నేను ప్రసంగాలు చేశాను. నా విచారణలో ఆ భేదాన్ని నా చేతులతో నేనే పెట్టాను.

ఆ ఏడాది ఇంకో విశేషం ఉంది. పోపు రెండో జాన్ పాల్ 2004 అక్టోబరు నుంచి 2005 అక్టోబరు వరకు దివ్యసత్ప్రసాద సంవత్సరంగా ప్రకటించారు. కేంద్రంలో గుడి ముందు ఆ ప్రకటన బ్యానరు నేనే కట్టించాను. ఏడు కిలోమీటర్ల దూరంలోని పల్లెకు సత్ప్రసాదం అందకుండా చేస్తూ, ప్రతి ఉదయం ఆ బ్యానరు కిందినుంచి గుడిలోకి నడిచాను.

పవిత్ర వారంలో మేత్రాణులు తైలాలు ఆశీర్వదించే పూజ ఒకటి ఉంటుంది. మేత్రాసనంలోని గురువులందరూ ఆ రోజు ఒకచోట చేరతారు. మాకు ఆ ఏడు అది మంగళవారం, మార్చి 22న వచ్చింది. రోగులకు పూసే తైలం, జ్ఞానస్నానార్థులకు పూసే తైలం, గురువుల అరచేతులకు పూసే అభిషేక తైలం, మూడింటినీ ఆ పూజలోనే సిద్ధం చేస్తారు. ప్రసంగం అయ్యాక గురువులందరం నిలబడి, పట్టం నాడు చేసిన ప్రమాణాలను మళ్ళీ చేస్తాం. మేత్రాణులు అడుగుతారు, మేం అవునంటాం. ఆ ప్రశ్నల్లో ఒకటి సూటిగా ఇదే: సత్ప్రసాదంలోనూ మిగతా సంస్కారాల్లోనూ దేవుని మర్మాలకు నమ్మకమైన గృహనిర్వాహకులుగా ఉంటారా, ధనాశ లేకుండా ఆత్మల మేలు కోసమే పనిచేస్తారా అని.

చుట్టూ ఉన్న గురువులందరూ ఒక్క గొంతుతో జవాబు చెప్పారు. నాకు నోరు పెగల్లేదు. నా పక్కనున్న పెద్ద గురువు ఒకసారి నా వైపు చూసి, మళ్ళీ ముందుకు తిరిగారు. ఆ తర్వాత మేత్రాణులు ప్రజల వైపు తిరిగి, మీ గురువుల కోసం ప్రార్థించండని అడిగారు. జనం ప్రార్థించారు. నేను తల దించుకుని నిలబడ్డాను.

భోజనానికి ఆగకుండా బస్సెక్కాను. కేంద్రంలో దిగి బండి తీసుకుని నేరుగా ఆ పల్లెకు వెళ్ళాను. పొద్దు గుంకుతోంది. కోతల నుంచి ఆడవాళ్ళు తిరిగి వస్తున్నారు. రోజంతా పండు మిరపకాయలు కోసిన చేతులు ఎంత మండుతాయో పల్నాటి వాళ్ళకు తెలుసు. వాళ్ళు బిందెల్లో చేతులు ముంచి, ముంచిన చేతులతోనే నాకు నమస్కారం పెట్టారు. ఎవరూ ఎందుకొచ్చావని అడగలేదు. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదనీ అడగలేదు.

గుడి తలుపు తీసే ఉంది. లోపల బలిపీఠం మీద ఉతికిన గుడ్డ పరిచి ఉంది. రెండు కొవ్వొత్తులు. పక్కన చిన్న గాజు సీసాలో నీళ్ళు. పూజకు నీళ్ళు ఆ ఊళ్ళో ఎప్పుడూ ఒకే ఇంటి నుంచి వచ్చేవి. గుడి వెనక ఇంట్లో ఉండే ఒక అవ్వ బావి నుంచి చేది, గుడ్డతో వడకట్టి తెచ్చేది. ఆ నీళ్ళు చూసి, ఈ పూట ఎవరు పెట్టారని ఉపదేశిని అడిగాను. ఆయన జవాబు చెప్పేలోపే అవ్వ తలుపు దగ్గరికి వచ్చింది.

"నీళ్ళు మాత్రం మారుస్తానే ఉన్నా సోమీ. మీరు ఏ పొద్దు వస్తారో ఏమోనని."

ప్రతి మొదటి ఆదివారం, మూడో ఆదివారం సాయంత్రం జనమంతా గుడికి వచ్చేవాళ్ళని ఉపదేశి చెప్పాడు. ఆయన పఠనాలు చదివేవాడు. పాటలు పాడేవాళ్ళు. అర్పణ సమయం వచ్చేసరికి ఆగిపోయి, పూజ జరిగేంతసేపూ మోకాళ్ళ మీద మౌనంగా ఉండి, పరలోక జపం చెప్పుకుని వెళ్ళేవాళ్ళు. విశ్వాసుల ప్రార్థనలో ప్రతిసారీ నా పేరు చెప్పి నా కోసం ప్రార్థించారట. నేను పూజ ఎందుకు ఆపానో అరవై ఇళ్ళకూ తెలుసు. తెలిసే ప్రార్థించారు.

అవ్వ నుదుట బొట్టు లేకపోవడం అప్పుడు చూశాను. "మా ముసలాయన పొయ్యాడు సోమీ" అంది. ఫిబ్రవరి చివరి వారంలో. నాలుగు రోజులు మంచంలో ఉన్నాడు. చివరి రోజు తెలివిగానే ఉండి సత్ప్రసాదం అడిగాడు. ఉపదేశి జపాలు చెప్పి, ఆయనే సమాధి కార్యక్రమం చేశాడు.

"నాకు కబురు చేయలేదేం అవ్వా?"

"మీరు రామన్నారు గదా సోమీ."

ఆమె నిందిస్తూ అనలేదు. వాన రాలేదు కాబట్టి నాట్లు వేయలేదన్నట్టు, జరిగింది జరిగినట్టు చెప్పింది. కబురు వస్తే నేను వెళ్ళేవాణ్ణే. అర్ధరాత్రయినా వెళ్ళేవాణ్ణి. చాలా రోజులు ఆ మాటను అడ్డం పెట్టుకుని ఊపిరి పీల్చుకోవాలని చూశాను. అది నిలబడలేదు. నేను ఆ ఊరికి ఆపింది అయిదు పూజల్ని మాత్రమే కాదు. పిలిస్తే గురువు వస్తాడన్న నమ్మకాన్ని ఆపాను. ఒకసారి తలుపు మూసి ఉందని తెలిసిన మనిషి, చావు వేళ కూడా ఆ తలుపు తట్టడు.

చనిపోయేవారికి ఇచ్చే సత్ప్రసాదానికి లాటిన్‌లో ఉన్న పేరుకు అర్థం దారిబత్తెం. దూరప్రయాణానికి బయలుదేరేవాడికి కొంగున కట్టి ఇచ్చే తిండి. మరణానికి దగ్గరైన వ్యక్తి అడిగితే ఆ దారిబత్తెం లేకుండా పంపకూడదన్న నియమం 325లో జరిగిన నీసియా మహాసభ నాటికే పాతది. ఆ మహాసభ దాన్ని ప్రాచీన చట్టమని చెప్పి నిలబెట్టింది. పదిహేడు వందల ఏళ్ళుగా తిరుసభ కాపాడుకుంటూ వచ్చిన నియమం, ఇంటికి అయిదు వందల దగ్గర నా చేతిలో తెగిపోయింది. ఆ ముసలాయన జీవితమంతా ఇతరుల పొలాల్లో పనిచేశాడు. తన దారికి బత్తెం అడిగాడు. ఇవ్వగలిగింది ఆ చుట్టుపక్కల నేనొక్కణ్ణే.

ఆ రాత్రి పల్లెలోనే ఉన్నాను. జనాన్ని గుడిలోకి పిలిచి, పీఠం వెనక నిలబడకుండా ముందుకు వచ్చి, కింద నిలబడి క్షమాపణ అడిగాను. సిద్ధం చేసుకున్న మాటలేవీ రాలేదు. "నాది కానిదాన్ని నాదనుకున్నాను" అని మాత్రం చెప్పగలిగాను. లెక్క అడిగిన కుర్రాణ్ణి పేరు పెట్టి పిలిచి, అందరి ముందూ అతన్ని విడిగా క్షమించమని అడిగాను. అతను బిత్తరపోయి తల ఊపాడు. మర్నాడు బుధవారం సాయంత్రం అక్కడ పూజ చేశాను.

ఆ పూజలోనే, రోజూ చేసే ఒక చిన్న పని దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. పాత్రలో ద్రాక్షారసం పోశాక గురువు అందులో ఒక్క చుక్క నీళ్ళు కలుపుతాడు. చూసేవాళ్ళకు అది కంటికి కూడా ఆనదు. మూడో శతాబ్దంలో కార్తేజి మేత్రాణి పునీత సిప్రియన్ ఒక లేఖలో దాని అర్థం వివరించారు. రసం క్రీస్తు, నీరు ప్రజ. రసం ఒక్కటే అర్పిస్తే అది మనం లేని క్రీస్తవుతుంది, నీరు ఒక్కటే అర్పిస్తే క్రీస్తు లేని మనమవుతాం అన్నది ఆయన భావం. కలిశాక ఆ నీటిని రసం నుంచి ఎవరూ వేరు చేయలేరు. గురువిద్యాలయంలో ఇదంతా చదివాను. ఆ వారాలన్నింటిలోనూ రోజూ కేంద్రంలో ఆ చుక్క వేస్తూనే ఉన్నాను. అందులో ఈ అరవై గడపలు లేవు. ఇక్కడేమో ఒక ముసలామె, మొగుణ్ణి పాతిపెట్టి వచ్చి కూడా, ఆ చుక్క కోసం నీళ్ళు మార్చి పెడుతూనే ఉంది. గురుత్వమూ సత్ప్రసాదమూ ఎలా ముడిపడి ఉన్నాయో నాకంటే ఆమెకే బాగా తెలుసు.

ఆ తర్వాత చాలాకాలం నన్ను వదలని ఇంకో సంగతి జపాన్‌ది. 1614లో అక్కడ క్రైస్తవాన్ని నిషేధించారు. దాగి ఉన్న గురువులను ఒక్కొక్కరినే పట్టి చంపారు. 1644లో చివరి గురువు హతసాక్షి అయ్యాక, రెండు వందల ఏళ్ళకు పైగా నాగసాకి చుట్టుపక్కల పల్లెల్లో విశ్వాసులు ఉన్నారు గానీ గురువు లేడు. వాళ్ళు బిడ్డలకు జ్ఞానస్నానం ఇచ్చుకున్నారు. జపాలు కంఠతా పట్టి పిల్లలకు నేర్పారు. పూజ మాత్రం లేదు. తరాలకు తరాలు సత్ప్రసాదం రుచి తెలియకుండానే పుట్టి చనిపోయాయి. 1865 మార్చి 17న ఉరకామి పల్లె నుంచి కొందరు, నాగసాకిలో కొత్తగా కట్టిన ఓఉరా దేవాలయానికి వచ్చి, ఫ్రెంచి గురువు పెటిజాన్‌కు తమ హృదయమూ ఆయన హృదయమూ ఒకటేనని మెల్లగా చెప్పారు. వాళ్ళకు గురువు లేకపోవడానికి కారణం పాలకుల కత్తి. నా పల్లెకు గురువు లేకపోవడానికి కారణం దెబ్బతిన్న నా అహం. వాళ్ళ గురువులు పూజ కోసం ప్రాణాలిచ్చారు. నేను పూజను అడ్డం పెట్టుకుని డబ్బు అడిగాను.

పాస్కా పండగ వారంలో పోపు గారి లేఖ చేతికొచ్చింది. 1979లో మొదలుపెట్టి పవిత్ర గురువారానికి గురువులకు లేఖ రాయడం ఆయన అలవాటు. 2005 లేఖ మీద తేదీ మార్చి 13. రోములోని జెమెల్లి ఆసుపత్రి నుంచి రాసింది. ఆ వరసలో అదే ఆఖరి లేఖ, ఏప్రిల్ 2న ఆయన కన్నుమూశారు. పూజలో రొట్టె మీద, పాత్ర మీద గురువు చెప్పే మాటలు మంత్రంలా చెప్పి ఊరుకునేవి కావని, అవే గురువు బతుకుకు సూత్రం కావాలని అందులో రాశారు. క్రీస్తు మాటలను క్రీస్తు స్థానంలో నిలబడి చెబుతున్నప్పుడు, 'నా శరీరం' అనే దగ్గర ఆ 'నా'లో గురువు శరీరం కూడా ఉండాలి. అతని సమయం, ఓపిక, పరువు, అన్నీ ఆ పళ్ళెంలో ఉండాలి. నేను రొట్టెను పెట్టాను. నా పరువును మాత్రం పెట్టకుండా దాచుకున్నాను.

గురువు పాపి అయినా పూజ పూజే అని తిరుసభ నేర్పుతుంది. పునీత అగస్తీను అయిదో శతాబ్దంలో ఈ సంగతి మీద గట్టిగా వాదించారు. సంస్కారంలో పనిచేసేది క్రీస్తే కాబట్టి, ఇచ్చే చెయ్యి మురికిదైనా అందేది శుద్ధంగానే అందుతుంది. ఇది ఎంతో గొప్ప బోధ. ఇది ప్రజల రక్షణ కోసం ఉన్న బోధ అని మాత్రం నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. ఫాదర్ గారి మనసు ఎలా ఉందో తెలియక అవ్వ భయపడనక్కర్లేదు, ఆమెకు అందేది క్రీస్తే. ఆ భరోసా ఆమెది. నేను దాన్ని నా తలకింద దిండుగా పెట్టుకుని నిద్రపోయాను.

రెండో వాటికన్ మహాసభ 1964లో ఇంకో మాట స్పష్టంగా చెప్పింది. జ్ఞానస్నానం పొందిన ప్రతివారికీ ఒక యాజకత్వం ఉంది. అభిషేకం పొందిన గురువు యాజకత్వం దానికంటే వేరైనదే, అయితే ఆ రెండూ ఒకదానికొకటి చెందినవి. గురుత్వం ఉన్నది ప్రజల యాజకత్వానికి సేవ చేయడానికే. నేను లేని వారాల్లో ఆ పల్లె మోకాళ్ళ మీద మౌనంగా ఉండి తన వంతు అర్పణ చేస్తూనే ఉంది. చేయనిది నా వంతు ఒక్కటే.

అప్పటినుంచి, గురువు లేనిదే పూజ లేదన్న మాటను మరోలా చదువుతున్నాను. ఇంకెవరూ ఇవ్వలేనిది నా దగ్గర ఉందంటే, నేను వాళ్ళకు బాకీ ఉన్నానని అర్థం. మరో డాక్టరు లేని ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క డాక్టరు ఎవరికీ వైద్యం ఆపలేడు. పూజలోని అప్పం నా చేతికి అధికారంగా రాలేదు, అప్పుగా వచ్చింది. రోజూ తీర్చినా తీరదు. మా నాన్న కౌలు బాకీ తీర్చిన నాడు కూడా తల దించుకునే ఇంటికి వచ్చేవాడు, మళ్ళీ వచ్చే ఏటికి అదే పొలం అడగాలి కదా అని. పీఠం దగ్గరికి నేనూ అలాగే వెళ్ళాలని నేర్చుకున్నాను.

పదిహేనేళ్ళ తర్వాత ఈ పాఠంలో మిగిలిన సగం అర్థమైంది. 2020 మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఏప్రిల్ 9 పవిత్ర గురువారం. అప్పటికి వేరే విచారణలో ఉన్నాను. ఎనిమిది వందల మంది పట్టే గుడిలో నేనూ, ఒక సిస్టర్ గారూ, స్టాండుకు బిగించిన ఒక ఫోనూ. పాదాలు కడిగే కార్యక్రమం ఆ ఏడు వద్దని రోము నుంచి ఆదేశం వచ్చింది. కడగడానికి పాదాలూ లేవు. ఖాళీ బల్లల వైపు చేతులు చాచి, ప్రభువు మీతో ఉండుగాక అని అర్థమొచ్చే మాటలు పలికాను. జవాబు ఒకే ఒక్క గొంతు నుంచి వచ్చింది. 2005లో ఆ పల్లెకు ప్రజలున్నారు, పూజ లేదు. ఇప్పుడు నాకు పూజ ఉంది, ప్రజలు లేరు. అవ్వ ఎలాంటి గుడిలో నీళ్ళు పెట్టి ఎదురుచూసిందో ఆ సాయంత్రం చూశాను.

ఆ రాత్రి నాకు ధైర్యమిచ్చింది వియత్నాం మేత్రాణి వాన్ తువాన్ జీవితం. 1975 ఆగస్టు 15న ఆయన్ను అరెస్టు చేశారు. పదమూడేళ్ళ జైలు, అందులో తొమ్మిదేళ్ళు ఒంటరి గదిలో. కడుపునొప్పి మందు పంపమని విశ్వాసులకు రాస్తే, వాళ్ళు గ్రహించి మందు సీసాలో ద్రాక్షారసం పంపారు. పీఠం లేదు, పాత్ర లేదు. అరచేతిలో మూడు చుక్కల రసం, ఒక చుక్క నీళ్ళు వేసుకుని ఆయన పూజ చేసేవారు. పట్టం నాడు తైలం పూసిన అరచేయే పాత్ర అయింది. నా కళ్ళు ఆ నీటి చుక్క దగ్గరే ఆగాయి. పక్కన ఒక్క మనిషి కూడా లేని గదిలో, అన్నీ పోయిన స్థితిలో, ప్రజల చుక్కను మాత్రం ఆయన వదల్లేదు.

కొత్తగా పట్టం అందుకోబోయే తమ్ముళ్ళతో మాట్లాడమని అప్పుడప్పుడు నన్ను పిలుస్తారు. చాలా ఏళ్ళు వాళ్ళకు 1551లో, 1562లో ట్రెంట్ మహాసభ సత్ప్రసాదం గురించి, పూజాబలి గురించి ఏం తీర్మానించిందో చెప్పి వచ్చేవాణ్ణి. ఇప్పుడు అదీ చెబుతాను, ఇదీ చెబుతాను. పీఠం దగ్గర డబ్బు మాట ఎత్తకండి. విచారణ లెక్కలు ప్రతి నెలా గుడి తలుపుకు అంటించండి. అడిగినవాడి మీద కోపం వస్తే, ఆ లెక్కల పుస్తకం అతని చేతికే ఇవ్వండి. నేను అలాగే ఇచ్చాను. కొత్త గుడి రెండేళ్ళు ఆలస్యంగా లేచింది. ఆ పల్లెవాళ్ళు డబ్బు ఇవ్వలేని చోట పునాదికి మట్టి మోశారు. కానుక ఇవ్వలేనివారి తలంపు కోసం కూడా పూజ చేయాలని చట్టమే సిఫారసు చేస్తోంది, మీ డైరీలో వాళ్ళకు రోజులు రాసుకోండి. మొదటి శుక్రవారం పెద్ద పూజ కంటే ముందు, మంచం మీదున్న వాళ్ళ ఇళ్ళకు సత్ప్రసాదం తీసుకెళ్ళండి. కబురు కోసం ఎదురుచూడకండి. పిలవడానికి భయపడేవాళ్ళు పిలవరు.

అవ్వ 2011లో పోయింది. నేను అప్పటికి ఆ మేత్రాసనంలోనే దూరంగా మరో విచారణలో ఉన్నాను. ఉపదేశి ఫోను చేశాడు. అక్కడి విచారణ గురువు అనుమతి అడిగి, సత్ప్రసాదం పెట్టుకునే చిన్న డబ్బీ జేబులో పెట్టుకుని వెళ్ళాను. ఆమె అప్పటికి ఘనాహారం మింగలేని స్థితిలో ఉంది. చిన్న ముక్క తుంచి నాలుక మీద పెట్టి, మింగడానికి చెంచాతో నీళ్ళు పట్టాను. మంచం పక్కనున్న కుండలోంచి ముంచిన నీళ్ళే, ఆ ఇంటి నీళ్ళే. ఆమె కళ్ళు తెరిచి చూసింది. ఎవరొచ్చారో గుర్తుపట్టిందో లేదో నేను అడగలేదు. ఆమెకు కావలసినవాడు వచ్చాడు, అంతే చాలు.

ఇప్పటికీ పూజలో పాత్ర పక్కకు జరిపి నీటి సీసా అందుకున్నప్పుడు నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. జనం గమనించరు. ఆ క్షణంలో అరవై గడపలు, మంచం మీద ఒక ముసలాయన, లెక్క అడిగిన కుర్రాడు ఆ చుక్కలోకి వస్తారు. వాళ్ళు వచ్చాక చుక్క వేస్తాను.